వాసన లేని నిద్ర

శామీర్‌పేట
18 ఆగస్టు 2024

సుచీ బిడ్డా,

సెలవులు అయిపోయి నువ్వు చెన్నై రైలెక్కినంక ఇల్లు ఎట్లనో ఉన్నది. నాకు చెవులు వినపడవు గదా, ఇంట్ల ఒక మనిషి తక్కువైతే చప్పుడు తగ్గినట్టు తెల్వది, కదలుడు తగ్గినట్టు తెలుస్తది. పొద్దున దర్వాజల నిలవడి పండ్లు తోముకునేదానివి, ఇప్పుడా దర్వాజల ఉత్త ఎండ నిలవడ్తాంది.

ఫోన్ల రాయమంటవు. ఆ చిన్న చిన్న అక్షరాలు నొక్కెటాలకు నేను చెప్పాలనుకున్నది మర్చిపోత. కాయితమైతే కాయితమే. పోస్టుమాన్ వస్తే గేటు కదుల్తది, నాకు కనపడ్తది. నువ్వు గూడ కాయితం మీదనే రాయి.

పక్కపొంటి ద్రాక్షతోటను మొత్తం కొట్టేసిండ్రు. రాళ్ళు పాతి ప్లాట్లు చేస్తున్నరు. పందిరి పోయినంక ఆ జాగ ఎంత చిన్నగ కనపడ్తాందో! నా బిడ్డకు, మీ సాయిప్రియ వదినకు అయిదో నెల. కాన్పుకు మన ఇంటికే తోల్కొస్త అని అల్లుడు అన్వేష్‌కు చెప్పిన. మా అత్త యాదవ్వ ఇప్పటికెల్లే మనుమరాలి కోసం పాత చీరెలు చింపి ఉతికి దాస్తాంది.

మొన్న మేడ్చల్ అంగడిల నా ఎనకటి దోస్తు మైసమ్మ కలిసింది. "మీ అన్న బాలరాజు బిడ్డ ఏం సదువుతాంది" అని నీ గురించి అడిగింది. దాని మూతి చూసి సమజ్ చేస్కొని, గ్యాస్ మీద సదువుతాందన్న. "ఏ ఏజెన్సీల? మాకు బండ జల్దీ దొరికెటట్టు జూడమను" అన్నది. నాకు నవ్వొచ్చింది. నవ్వినంక ఇంటికొచ్చి ఆలోచన చేసిన, నాకు గూడ అంతకంటె ఎక్కువ తెల్వదు గదా. నువ్వు చేసే పనేందో నాకు తెలిసెటట్టు రాయి బిడ్డా. పరీక్షల రాసినట్టు గాదు.

నీ మేనత్త
వినోద

•

చెన్నై
1 సెప్టెంబర్ 2024

అత్తా,

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీదనే కూసొని సదివిన. నా పని ఏందని ఇంట్ల ఇప్పటిదాక ఎవ్వరూ అడగలే. బాపు అయితే స్కాలర్‌షిప్ వస్తాందా అని అడుగుతడు, అంతే.

బొగ్గునో, వరిపొట్టునో, కట్టెలనో చాలీచాలని గాలిల కాలిస్తె సగమే కాలి ఒక గ్యాస్ వస్తది. దాన్ని సిన్‌గ్యాస్ అంటరు. అండ్ల ముఖ్యంగ రెండుంటయి, హైడ్రోజన్ ఒకటి, కార్బన్ మోనాక్సైడ్ ఒకటి. దాంతోటి కరెంటు తీసే పెద్ద టర్బైన్లు నడపొచ్చు. కానీ ఆ టర్బైన్ కడుపుల ఒత్తిడి మస్తుంటది. అంత ఒత్తిడిల ఈ గ్యాస్ ఎప్పుడు అంటుకుంటదో ముందే తెల్వకపోతే, అంటుకోవద్దన్న కాడ అంటుకొని మిషన్ ఖరాబైతది. ఎప్పుడంటుకుంటదో చూసుడే నా పని.

మా ల్యాబ్‌ల ఒక ఇనుప గొట్టముంది, ఈ గోడకెల్లి ఆ గోడదాక. నడుమ సన్నటి అల్యూమినియం రేకు. ఒక దిక్కు ఒత్తిడి పెంచుకుంట పోతం. రేకు ఓర్చుకున్నంత ఓర్చుకొని ఫట్టున పలుగుతది. ఆ దెబ్బకు ఒక అల లేచి అవతల దిక్కున్న మా గ్యాస్‌ను ఒత్తుకుంట పోతది, చివరి గోడకు కొట్టుకొని మల్లొచ్చి ఇంకోపాలి ఒత్తుతది. గ్యాస్ ఎర్రగ కాలిన ఇనుమంత వేడైతది.

అయినా అంటుకోదు అత్తా. ఆగుతది.

నాకు ఇష్టమైనది ఆ ఆగుడే. రెప్ప కొట్టేలోపల అయిపోతది గని, మిషన్ దాన్ని పట్టుకొని తెర మీద పొడుగ్గ పరుస్తది. నేను దాన్ని చూసుకుంట కూసుంట. అప్పుడు లోపట ఏమైతదంటె, ఒంటి హైడ్రోజన్ పరమాణువు తిరుగుకుంట తిరుగుకుంట ఆక్సిజన్‌ను తాకుతది. జాగ ఖాళీగుంటె రెండూ చిట్లి, ఒకటి రెండైతయి, రెండు నాలుగైతయి, మంటే మంట. కానీ ఒత్తిడిల జాగ జాతరలెక్క కిక్కిరిసి ఉంటది. ఆ రెండూ తాకంగనే మూడోది ఒచ్చి నడుమ వడి వాటి వేడిని గుంజుకుంటది. ఇగ అవి చిట్లకుండ అతుక్కొని మెత్తవడ్తయి. మెత్తమెత్తగ తిరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ అయి కూడుతయి, పుండు కడిగే మందు లేదా, అదే. కూడి, కూడి, ఒక్కపాలి అన్నీ విడిపోతయి. గప్పుడు అంటుకుంటది. పగటీలి అన్నం తిని బల్ల మీద తల పెట్టుకుంటె, నేనే ఆ గొట్టంల మెత్తగ తిరుగుతున్నట్టు కలొస్తది.

రెండోదాని ముచ్చట. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఒంట్లకు పోతె ముందు తలకాయ బరువైతది, తర్వాత నిద్రొస్తది. ఆ నిద్ర మంచిగనే ఉంటదంట, అందుకే లేవబుద్ధి గాదంట. నువ్వేం భయపడకు. మా కాలర్‌కు చిన్న డబ్బ తగిలించుకుంటం, కొంచెం లీకైనా అది మొత్తుకుంటది.

బాపుకు మాత్రం ఇవన్నీ చెప్పకు. నేను కంప్యూటర్ ముంగట కూసుంటనని అనుకుంటడు, అనుకోనీ.

నీ కోడలు పిల్ల
సుచిత్ర

•

శామీర్‌పేట
19 సెప్టెంబర్ 2024

బంగారు సుచీ,

నీ ఉత్తరం సదివిన రోజు చెరువు మీద మంచు లేచినట్టు కలొచ్చింది. ఆ మంచులకెల్లి ఒక ఇనుప గొట్టం, అండ్లకెల్లి నువ్వు నడుసుకుంట పోతున్నవు. పిలుస్తున్న. నా పిలుపు నాకే వినపడ్తలేదు, ఇగ నీకెట్ల వినపడ్తది? నువ్వు గొట్టం గోడకు తల ఆనించి నిద్రపోతున్నవు. నీ మొహం మస్తు శాంతంగ ఉన్నది. గదే భయమైంది.

డబ్బ మొత్తుకుంటదని రాసినవు. మొత్తుకుంటె ఏం లాభం బిడ్డా? నా అసువంటిదానికి మొత్తుకునేదంటే గోడకు తగిలేసిన బొమ్మతోటి సమానం.

నేను జీడిమెట్లల రేకులు కొట్టే ప్రెస్ కాడ చేరినప్పుడు గూడ గిట్లనే అన్నరు. ఏం కాదమ్మా, రెండు దినాలల్ల అలవాటైతదన్నరు. అలవాటైంది. చప్పుడు తగ్గుకుంట తగ్గుకుంట వచ్చింది, మిషన్ పాతవడ్డది, అందుకే మెల్లగ కొడ్తాందనుకున్న. మిషన్ గాదు, నా చెవులు పోతున్నయి. అందుకే ఎవరన్న భయపడకు అంటె నాకు అప్పుడే భయమైతది.

అన్నకు చెప్పిన. చెప్పొద్దన్నవు, అయినా చెప్పిన. కోపం చేస్కో.

నీ అత్త
వినోద

•

చెన్నై
20 అక్టోబర్ 2024

అత్తా,

బాపు ఒచ్చి పోయిండు. కుత్బుల్లాపూర్‌ల మోటర్ వైండింగ్ దుకాణం బంద్ పెట్టి, ఇస్త్రీ చేసిన తెల్లంగి తొడుక్కొని, సంచిల కారప్పూస పట్టుకొని, ఫోన్ గూడ చేయకుంట ల్యాబ్ కాడికొచ్చిండు.

మా ప్రొఫెసర్ తమిళాయన. బాపు మాట ఆయనకు తెల్వదు, ఆయన మాట బాపుకు తెల్వదు. నడుమ నేను. బాపు చేతులు కట్టుకొని, "సార్, గీ సదువు మాకొద్దు. నా బిడ్డను నా ఎంబడి పంపుండ్రి" అన్నడు. ప్రొఫెసర్ నా దిక్కు చూసిండు. నేను ఇంగ్లీషుల, మా నాయినకు మన గొట్టం చూడాలనున్నదంట అని చెప్పిన. ఆయన మస్తు సంబరపడి బాపు భుజం మీద చెయ్యేసి లోపలికి తీస్కపోయిండు.

చెవులకు మూతలు పెట్టించి ఒక పేల్పు చూపించినం. బాపు ఉలిక్కివడి నా చెయ్యి పట్టుకున్నడు, చిన్నప్పుడు రోడ్డు దాటించినట్టు. బయటికొచ్చినంక చాయ్ తాగిండు. బస్సెక్కేముందు, "డిసెంబర్‌దాక చూస్త. గప్పటికి నీ పని ఒక దారికి రాకపోతె ఇంటికొస్తున్నవు" అన్నడు.

దారికి ఎక్కడొస్తది? నా గ్యాస్ లెక్క కంటె ముందే అంటుకుంటాంది. ఒకనాడు కొంచెం ముందు, ఒకనాడు మస్తు ముందు. ఎందుకో తెల్వది. గొట్టం ఖరాబున్నదని ఒకరంటరు, నీ చెయ్యి బాగలేదని ఒకరంటరు. గొట్టం లోపల కడుక్కుంట, తుడుసుకుంట దినాలు పోతున్నయి.

నువ్వొక్కదానివే అడిగినవని నీకొక్కదానికే రాసిన. ఇగ రాయ.

సుచిత్ర

•

శామీర్‌పేట
3 నవంబర్ 2024

సుచిత్రకు,

ఇగ రాయ అన్నవు. సరే బిడ్డా. నీ సదువుకు అడ్డమొచ్చే మనిషిని గాను నేను. ఉత్తరాలు వద్దంటె వద్దు.

నాకు చప్పుళ్ళు వినపడయి గని భయం మాత్రం మస్తు వినపడ్తది. అది నా చేతుల లేదు.

సాయిప్రియ వచ్చింది. కాళ్ళు ఉబ్బినయి, మక్కజొన్న పేలాలు తప్ప ఏదీ తినబుద్ధి గాదంటాంది. నువ్వు మాత్రం టైముకు తిను.

వినోద

•

చెన్నై
22 డిసెంబర్ 2024

అత్తమ్మా,

నేను రాయనన్నది పని ముచ్చట. ఉత్తరాలే బంద్ పెడ్తనని ఎప్పుడన్న? నేను హాస్టల్ మారిన, నీకు చెప్పలే. నీ ఉత్తరం పాత హాస్టల్ అడ్రస్‌కు పోయి, అక్కడ వాచ్‌మన్ డ్రాయర్ల పండుకొని, మొన్న నా చేతికొచ్చింది. ఇన్ని దినాలు నువ్వే నా మీద అలిగినవనుకున్న. అటు నువ్వు, ఇటు నేను, నడుమ ఆ వాచ్‌మన్ డ్రాయర్.

పని ముచ్చట రాయకుండ ఉండలేను గూడ. ఎందుకంటె ఎందుకో తెలిసింది.

తప్పు గొట్టంల లేదు, నా చేతుల లేదు, సిలిండర్ల ఉన్నది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఇనుప సిలిండర్ల పెట్టి నెలలకు నెలలు ఉంచితె, అది ఊరికె ఉండదంట. గోడలకెల్లి ఇనుమును కొంచెం కొంచెం తనల కలుపుకుంటదంట. కంటికి కనపడదు. ఆ చిటికెడు ఇనుము మా గొట్టంలకు ఒచ్చి గ్యాస్‌ను ఆగనిస్తలేదు. కొత్త సిలిండర్ పెట్టిన దినాలల్ల తేడా తక్కువ, పాతవడ్డ సిలిండర్ పెట్టిన దినాలల్ల తేడా ఎక్కువ. అది చూసినంక అల్యూమినియం సిలిండర్ తెప్పించి మల్ల పేల్చినం. అత్తా, ఆగింది. ఎంత ఆగాలెనో అంత ఆగి, అప్పుడు అంటుకున్నది. నేను ఆ గీతను ఎంతసేపు చూసిననో తెల్వది, బయట వాన వెలిసిన సంగతి గూడ నాకు ఎవరో చెప్తె తెలిసింది.

బాపుకు ఫోన్ చేసి చెప్పిన. ఇనుము అనంగనే ఆయనకు అర్థమైనట్టుంది. "సరే, కానియ్యి" అన్నడు. ఇంటికి రమ్మనే మాట ఎత్తలే.

వదినకు ఎప్పుడు డేటిచ్చిండ్రు? రాయి.

నీ సుచి

•

శామీర్‌పేట
19 జనవరి 2025

నా తల్లీ సుచీ,

సాయిప్రియకు మేడ్చల్ దవాఖానల ఆడపిల్ల పుట్టిందని మీ బాపు చెప్పే ఉంటడు. ఆయన చెప్పంది నేను రాస్తున్న. అందరం మంచిగున్నం. తల్లి, పిల్ల, మా అత్త, నేను, అందరం. ఇగ కూసొని సదువు.

ఈ ఏడు సలి ఎట్లున్నదనుకుంటున్నవు? చెరువు మీదికెల్లి ఒచ్చే గాలికి పండ్లు కొట్టుకుంటున్నయి. మా అత్త బాలెంత అర్రల కిడికీ సందులల్ల బట్టలు కుక్కింది, తలుపు కింద గోనెసంచి పెట్టింది, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది. పొగ వస్తదేమోనన్న. "నిప్పులు కణకణ అయినంకనే లోపటికి తెచ్చిన. పొగ లేనిదానికి భయమేంది" అన్నది. నిజమే, పొగ లేదు. అర్ర ఎచ్చగ, పొత్తికడుపులెక్క ఉన్నది.

మంగళారం పగటీలి. మీ మామ ఆటో తీస్కొని జీడిమెట్ల పోయిండు. సాయిప్రియ పొద్దటికెల్లి తలకాయ బరువుగుందంటాంది, పచ్చి ఒళ్ళు అట్లనే ఉంటదని మా అత్త అన్నది. పిల్ల పాలకు లేవకుండ పండుకున్నది, ఎంత బుద్ధిమంతురాలని మురిసినం. మా అత్త గోడకొరిగి కునుకుతాంది. నేను పిల్ల కాళ్ళకాడ కూసున్న.

సుచీ, నాకు వినపడ్డది.

ముందు దూరంగ ప్రెస్ కొడ్తున్న చప్పుడు. దాని ఎనక ద్రాక్షతోటల మందు కొట్టే పంపు. తోట లేదని నాకు తెలుసు, అయినా పంపు నడుస్తనే ఉన్నది. ఎనక మాటలు. నీళ్ళ కిందికెల్లి ఒచ్చినట్టు మెల్లగ, ఒకదాని మీద ఒకటి. అర్రంత ఆకుల కిందికి దిగిన ఎండలెక్క పచ్చగయింది. చెవులు మల్లొచ్చినయి అనుకున్న. కదిల్తె పోతయేమోనని రెప్ప గూడ కొట్టలే.

గప్పుడు ఒక మాట యాదికొచ్చింది. అది విన్నది గాదు, సదివింది. ఆ నిద్ర మంచిగనే ఉంటదంట, అందుకే లేవబుద్ధి గాదంట.

నీకు అబద్ధమెందుకు చెప్పాలె, అది యాదికొచ్చినంక గూడ నేను లేవలే. ఇంకొంచెం విందామనిపించింది. ఇంకొంచెం. ఎనక పిల్ల మొహం చూసిన. బుగ్గలు ఎర్రగ, బొమ్మకు రంగేసినట్టు ఉన్నయి. గంత ఎరుపు మంచిది గాదని ఎవరు చెప్పిండ్రో నాకు తెల్వది.

కాళ్ళు నావి గావు. పిల్లను సంకలవట్టి పాకుకుంట తలుపు కాడికి పోయిన. గోనెసంచి గుంజి గొళ్ళెం తీసిన. సల్లగాలి మొహానికి కొట్టింది. కొట్టంగనే చప్పుళ్ళన్నీ పోయినయి. ఒక్కపాలి, దీపమార్పినట్టు.

పిల్లను అరుగు మీద పండవెట్టి మల్ల లోపటికి పోయి సాయిప్రియను రెక్కలువట్టి ఈడ్సుకొచ్చిన. మా అత్త లేసి నా మీదికొచ్చింది. మూతి కనపడ్తాంది, "బాలెంతకు సల్లగాలి తగిలిస్తవా, నా మనుమరాలిని సంపుతవా" అంటాంది. అనుకుంటనే వాకిట్ల కక్కుకొని కూలవడ్డది.

ఎంత గట్టిగ మొత్తుకున్ననో నాకెట్ల తెలుస్తది? రోడ్డవతలి కొత్త కాలనీలకెల్లి శ్రీదివ్య మేడం ఉరికొచ్చింది. ఆంధ్రా దిక్కోళ్ళు, పోయిన ఏడే ఇల్లు కట్టుకున్నరు. కారు తీసి అందర్నీ ఎక్కించుకున్నది. నన్నేదో అడుగుతాంది, ఆమె మూతి నాకు అందుతలేదు. ఆమె ఫోన్ గుంజుకొని రెండు మాటలు కొట్టిన: బొగ్గుల గ్యాస్. ఫోన్ల రాయరాదని ఏడ్సేదాన్ని, ఆ రెండు మాటలు ఎట్ల రాసిననో! దవాఖానల డాక్టర్ అది సదివి ముక్కులకు ఆక్సిజన్ పెట్టిచ్చిండు. పిల్ల ఏడ్సిందంట. అందరి మొహాలు చూసి తెలుసుకున్న.

మా అత్త నాతోటి మాట్లాడ్తలేదు. కోపమో, భయమో.

నువ్వు మాత్రం నాకు పని ముచ్చట బంద్ పెట్టకు.

నీ అత్త
వినోద

•

చెన్నై
27 జనవరి 2025

మా అత్తకు,

నీ ఉత్తరం సదువుకుంట ల్యాబ్ ఎనక వేపచెట్టు కింద కూసున్న. ఎవరో ఏమైందని అడిగిండ్రు, మా అత్తకు చెవులు వినపడ్డయి అన్న. మంచి వార్తేగా అన్నరు.

రక్తంల ఆక్సిజన్ కూసునే జాగ ఒకటుంటది. ఈ గ్యాస్ పోయి అండ్ల కూసుంటది, ఇగ లేవమంటె లేవది. ఆక్సిజన్ బయట నిలవడ్తది. మెదడుకు ఊపిరందక అట్లాంటివి వినపడ్తయని పుస్తకాలల్ల ఉంటది. ఉండనీ. నువ్వు విన్నది నాకు పుస్తకంలది లెక్క అనిపిస్తలేదు.

నిన్ను ఉత్తగ భయపెట్టిన్నని ఇన్ని దినాలు నన్ను నేనే తిట్టుకున్న. ఇగ తిట్టుకోను.

బాపు ఫోన్ చేసిండు. గ్యాస్‌ను పట్టే డబ్బ ఒకటి తెచ్చి, మీ అర్రల పెడ్తున్నడంట. మొత్తుకుంటె నీకు వినపడదు గదా, దానికి వైరు కలిపి ఎర్ర లైటు బుగ్గ ఎలిగెటట్టు చేస్తున్నడంట. "నీ సదువు పనికొస్తాంది" అన్నడు. అంతే అన్నడు, ఫోన్ పెట్టేసిండు.

ఒకటి అడుగుత. అడగొద్దేమో. ప్రెస్సు, పంపు, మాటలు అని రాసినవు. ఇంకేం విన్నవు అత్తా? నువ్వు ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆగింది దేనికోసం?

ఇష్టముంటెనే రాయి.

సుచి

•

శామీర్‌పేట
16 ఫిబ్రవరి 2025

సుచీ బిడ్డా,

అన్న ఒచ్చి బుగ్గ పెట్టి పోయిండు. ఎలుగుతదో లేదోనని అగరుబత్తి, కట్టెలపొయ్యి, ఏవేవో దగ్గర పెట్టి చూసిండు. కుంపటిని మా అత్తనే తీస్కపోయి బాయికాడ పడేసింది. ఒక పొద్దున ఆమెనే లేసి కిడికీల బట్టలు గుంజేసింది, నా దిక్కు చూడకుంటనే నాకు చాయ్ గిలాస పెట్టింది. అంతకంటె ఎక్కువ నేను గూడ అడగలే. ఈ ఇంట్ల డెబ్బై ఏండ్లసంది అందరు బాలెంతల కాడ పెట్టిన కుంపటి అది. ఆమె మనసు ఎట్లున్నదో నాకు తెలుసు.

నువ్వు అడిగింది రాస్త.

అన్నిటికంటె ఆఖరుకు ఒక ఆడమనిషి జోల పాడేది వినపడ్డది. ఎవరబ్బా అనుకున్న. కొంచెం ముక్కుతోటి పాడ్తాంది, కొసకు గొంతు సన్నగయి ఊగుతాంది. ఎక్కడో విన్న గొంతే. చాలాసేపటికి సమజైంది. అది నేనే బిడ్డా. సాయిప్రియ సంటిపిల్ల ఉన్నప్పుడు పాడింది. మనుషుల గొంతులన్నీ మర్చిపోవద్దని రోజూ ఒక్కొక్కటి యాది చేస్కునేదాన్ని, మీ బాపుది, మీ మామది, నీది. నాది యాది చేస్కోవాలెనని తోచలే. చెవులు పోయినంక పాట బంద్ పెట్టిన. వంకరగ వస్తదేమో, నవ్వుతరేమోనని సిగ్గు. ఆ అర్రల నేను ఆగింది నా గొంతు కోసమే. బయట గాలి కొట్టంగనే పోయింది. ఇగ మల్ల రాదు.

నిన్న పగటీలి పిల్ల మొహం ముడుసుకొని, పిడికిళ్ళు బిగవట్టి ఏడుస్తాంది. సాయిప్రియ తానానికి పోయింది. పిల్లను గుండెకానిచ్చుకొని పాడిన. ఛాతిల కదిలింది, అంతే నాకు తెలిసింది. మా అత్త నోరు తెరిచి నన్నే చూస్తాంది. ఖరాబుగ ఉన్నదేమోనని ఆపిన. ఆపంగనే పిల్ల మల్ల మొహం ముడిసింది. మా అత్త జరిగొచ్చి నా మోకాలు తట్టి, కానియ్యి కానియ్యి అన్నట్టు చెయ్యి ఊపింది.

మల్ల ఎత్తుకున్న. కిడికీలకెల్లి గాలొస్తాంది. ఎట్ల పాడిననో నాకు తెల్వది సుచీ. పిల్ల పండుకున్నది.

నీ మేనత్త
వినోద